నాన్నగారి అంబాసిడర్‌కు సీటు బెల్టులు ఎక్కడ, ఎలా బిగించాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా నాన్నగారు 1974లో కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ముందు ఒకే పొడవాటి బెంచీ సీటు. బెల్టులు ఎక్కడా లేవు. మాఘమాసంలో రాయగడలో మా మేనకోడలి పెళ్లి. విశాఖపట్నం నుంచి వచ్చే మా అబ్బాయి, కోడలు, మూడేళ్ల మనవడు మాతోపాటు ఈ కారులోనే రావాలని నా కోరిక. బెల్టులు లేని బండిలో బాబును ఎక్కించనని కోడలు ఖండితంగా చెప్పింది. ఇక్కడి మేస్త్రి లారీ బెల్టులు తెచ్చి, ఫ్లోరుకు రంధ్రాలు వేసి, వాచర్లు పెట్టి సాయంత్రానికల్లా బిగించేస్తానంటున్నాడు. పాతకాలపు ఇనుము గట్టిది, బెల్టు అక్కరలేదని మా బావమరిది అంటున్నాడు. ఎవరి మాట వినాలి? బెల్టులు బిగిస్తే ఆర్టీవో వారు అభ్యంతరపెడతారా? మనవడిని వాళ్ల నానమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

సమాధానం: మాస్టారూ, మీ కోడలు పట్టిన పట్టు న్యాయమైనదే. ఆమె మాట మీదనే నిలబడి ఈ పని చేయించండి. మీ బావమరిదిగారి మాటలో సగం నిజం లేకపోలేదు; ఉత్తరపాడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆనాటి అంబాసిడర్ గట్టి బండే. కానీ బండి గట్టిదనం వేరు, లోపలి మనిషి క్షేమం వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 14 మీటర్లు. కారు చెట్టుకో లారీకో తగిలి ఆగిపోయినా, లోపల కూర్చున్నవారి శరీరం అదే వేగంతో ముందుకు సాగి డాష్‌బోర్డునో అద్దాన్నో తాకుతుంది. దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి జారిపడిన మనిషి నేలను తాకేది ఇంచుమించు ఆ వేగంతోనే. నేటి కార్ల ముందు భాగాన్ని తగినంత నలిగి దెబ్బను కొంత మింగేలా తయారుచేస్తున్నారు. మీ కారు ముందు భాగానికి ఆ ఏర్పాటు లేదు కనుక కుదుపు ఇంకా తక్కువ వ్యవధిలో, ఇంకా తీవ్రంగా మనిషిని చేరుతుంది. పైగా మీ స్టీరింగు కాలమ్ దెబ్బ తగిలినప్పుడు లోపలికి ముడుచుకునే రకం కాదు. ముందు వైపు నుంచి డ్రైవరు ఛాతీ వైపు నిటారుగా వచ్చిన ఉక్కు కడ్డీ అది. పాత కారు కాబట్టి బెల్టు అక్కరలేదనడం కన్నా, పాత కారు కాబట్టే బెల్టు మరింత అవసరమనడం సరైన మాట.

ఇక మీ మేస్త్రి చెప్పిన పద్ధతి. పనితనం మీద అనుమానంతో చెప్పడం లేదు గానీ, ఆ పద్ధతికి నేను ఒప్పుకోలేను. 70 కిలోల మనిషి గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి సెకనులో పదో వంతు కాలంలో ఆగాలంటే, అతన్ని పట్టి ఆపే బెల్టు మీద పడే బలం సుమారు 1,000 కిలోల బరువుకు సమానం. ఆ బలమంతా బెల్టు పట్టీ గుండా మూడు బోల్టులకూ (నడుముకు ఇరుపక్కలా కింద రెండు, భుజం దగ్గర పైన ఒకటి), బోల్టుల నుంచి వాటిని పట్టుకున్న రేకుకూ చేరుతుంది. సీటు బెల్టు బిగింపుల గురించిన ఐక్యరాజ్యసమితి 14వ నంబరు నిబంధన, కార్లలో భుజం పట్టీ మీద సుమారు 1,350 కిలోలు, నడుము పట్టీ మీద మరో 1,350 కిలోల లాగుడును ఒకేసారి ప్రయోగించి పరీక్షించమంటుంది. ఇంత బలం రూపాయి నాణెమంత వాచరు అంచుల మీద పడితే, పలుచని ఫ్లోరు రేకులోంచి ఆ వాచరు కాగితంలోంచి గుండుసూది తల ఊడివచ్చినట్టు ఊడివస్తుంది. అలా రెండు వేళ్లు పట్టేంత చిరుగుతో ఊడివచ్చిన బోల్టును నేను చేత్తో పట్టుకుని చూశాను. పట్టీ చెక్కుచెదరలేదు, బకిల్ తాళం వేసే ఉంది. విచ్చుకుపోయింది రేకు మాత్రమే. అందుకే బెల్టు కొనడానికి బజారుకు వెళ్లేముందు కారు కిందికి దూరి ఫ్లోరును చూడమంటాను.

కారులోని రబ్బరు మ్యాట్లు, వాటి కింది పాత ఫెల్టు గుడ్డ, వెనక సీటు కుషను మొత్తం తీయించండి. మన ప్రాంతపు వానలకు ఆ ఫెల్టు తడిసి నెలల తరబడి చెమ్మను పట్టుకుని ఉంటుంది. తుప్పు పైకి కనబడకుండా లోలోపల రేకును తినేస్తుంది. మందపాటి స్క్రూడ్రైవరు తీసుకుని తలుపుల కింది గుమ్మాల పొడవునా, ఫ్లోరు అంచుల్లోనూ, వెనక సీటు కింది మూలల్లోనూ గట్టిగా పొడిచి చూడండి. సుత్తితో తడితే గంటలా ఖంగుమన్నచోట ఇనుము బతికి ఉంది. మొద్దుగా, చచ్చిన చప్పుడు వచ్చినచోట తుప్పో, వెనకటి మేస్త్రులు పూసిన పుట్టీయో ఉంది. చెడిన భాగాన్ని మంచి రేకు తగిలేదాకా కోయించి, అంతే మందం గల కొత్త రేకును చుట్టూ నిండుగా వెల్డింగ్ చేయించాలి. రివెట్లు కొట్టిన అతుకు, తారు పూత, ఫైబర్ గుడ్డ నీటిని ఆపుతాయేమో గానీ మనిషిని ఆపలేవు. ఇది టింకరింగ్ మేస్త్రి పని. బరంపురంలోనో విజయనగరంలోనో పాత కార్ల బాడీ పని బాగా తెలిసినవారి చేత చేయించండి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు ఊడదీయడం, పెట్రోలు పైపులను, ట్యాంకును దూరంగా ఉంచడం, సీటు గుడ్డలు తీసేయడం మీరు దగ్గరుండి చూసుకోండి.

ఇనుము బాగుందని తేలాక, బోల్టు పడే ప్రతిచోటా రేకుకు అవతలి వైపున ఉక్కు ప్లేటు పెట్టాలి. కనీసం 3 మిల్లీమీటర్ల మందం, సుమారు 75 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉండాలి. నాలుగు మూలలూ గుండ్రంగా అరగదీసి ఉండాలి, లేకపోతే లాగుడుకు ఆ మూలే కత్తిలా రేకును కోస్తుంది. బెల్టు లాగినప్పుడు ప్లేటు రేకు మీదికి అదుముకునేలా ఉండాలి తప్ప రేకు నుంచి విడిపోయేలా ఉండకూడదు. అంటే కారు లోపలి నుంచి లాగే బెల్టుకు ప్లేటు కింద, బయటి వైపున ఉండాలి. రేకు వంపు తిరిగి ఉంటే ప్లేటును కూడా ఆ వంపుకు తగ్గట్టు వంచాలి. రంధ్రం వేసిన అంచులకు రెడ్ఆక్సైడు పూసి, ప్లేటు చుట్టూ సీలెంటు పట్టించకపోతే రెండు వానాకాలాల్లో తుప్పు అక్కడే మొదలవుతుంది. రంధ్రం వేసేముందు కింద ఏముందో ఒకరు కారు కింద పడుకుని చూడాలి: బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వైరింగు, అన్నిటికన్నా ముఖ్యంగా మధ్యలో తిరిగే ప్రొపెల్లర్ షాఫ్టు. గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే ఆ షాఫ్టు మీదుగా ఉన్న గుబ్బకు ఇరుపక్కలా లోపలి బకిళ్లు బిగిస్తారు కనుక, కిందికి పొడుచుకువచ్చిన బోల్టు చివర, గతుకుల్లో షాఫ్టు పైకి లేచినప్పుడు దానికి తగలనంత పొట్టిగా ఉండాలి.

బోల్టుల విషయంలో పొదుపు పనికిరాదు. సీటు బెల్టులకు ప్రపంచమంతా వాడే కొలత 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలుండే యూఎన్ఎఫ్ సన్న మర. మంచి బెల్టు సెట్టుతోపాటే ఈ బోల్టులు వస్తాయి, వాటినే వాడండి. 12 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు చూడడానికి ఇంచుమించు అలాగే ఉంటుంది కానీ మర కలవదు, బలవంతంగా తిప్పితే మర చితికిపోయి, బిగిసినట్టు కనబడుతుంది. తల మీద ఏ గుర్తూ లేని బోల్టు మామూలు మెత్తని ఇనుము. మెట్రిక్ బోల్టు అయితే తల మీద 8.8 లేదా 10.9 అంకె ఉండాలి, అంగుళాల బోల్టు గ్రేడు 8 అయితే ఆరు గీతలుంటాయి. బోల్టు గట్టిగా బిగిసిన తర్వాత కూడా బెల్టు చివరి ఇనుప పట్టీ దాని చుట్టూ స్వేచ్ఛగా తిరగాలి. అందుకోసం సెట్టులో వచ్చే బుష్షును, స్ప్రింగు వాచరును అనవసరమని పారేయకుండా కాగితంలో చూపిన వరుసలోనే వేయించండి.

బెల్టు ఎక్కడ నుంచి ఎక్కడికి పోవాలన్నది బలం కన్నా తక్కువ విషయమేమీ కాదు. కొలతలు తీసేటప్పుడు మీరు తప్పకుండా సీటులో కూర్చోండి. నడుము పట్టీ కడుపు మీద కాక, తొడలు మొదలయ్యేచోట, తుంటి ఎముకల మీద ఆనాలి. అందుకు కింది బోల్టులు తుంటికి కొంచెం వెనకగా, కిందుగా ఉండి, పట్టీ నేలకు 45 నుంచి 70 డిగ్రీల వాలుతో ముందుకు పైకి రావాలి. బోల్టు మరీ వెనక్కి పోతే పట్టీ పడుకున్నట్టు వస్తుంది. దెబ్బ తగిలినప్పుడు మనిషి దాని కిందుగా జారిపోయి పట్టీ మెత్తని పొట్టలోకి దిగబడుతుంది, పేగులు, కాలేయం చితికే గాయాలు అలా అయ్యేవే. ఒక మనిషికి రెండు వైపులా ఉండే కింది బోల్టుల మధ్య కనీసం 350 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. మీది ముందుకూ వెనక్కూ జరిగే బెంచీ కనుక, సీటు పూర్తిగా ముందుకున్నప్పుడూ, పూర్తిగా వెనక్కున్నప్పుడూ ఈ వాలును రెండుసార్లు చూడాలి. బకిల్ కాడ కుషనుకూ వీపు ఆనే భాగానికీ మధ్య సందులోంచి వచ్చి తుంటి పక్కన నిలవాలి. అది పొడవై పొట్ట మీదికి వచ్చిందంటే దెబ్బ తగిలినప్పుడు ఆ ఇనుప డబ్బీయే గాయం చేస్తుంది. సీటును నేలకు పట్టి ఉంచే రైలు బోల్టులనూ ఈ సందర్భంలోనే తీయించి చూడండి. వెనక నుంచి ఊడివచ్చి మీద పడే సీటు బరువును కూడా బెల్టే మోయవలసి వస్తే అంతటి లెక్క ఎవరూ వేసి ఉండరు.

పై బోల్టు సంగతి అన్నిటికన్నా కష్టమైనది. అది కూర్చున్నవారి భుజం ఎత్తులో గానీ, కొంచెం పైన గానీ, భుజానికి వెనకగా ఉండాలి. పని సులువవుతుందని కొందరు భుజం పట్టీని సీటు వెనక నేలకే బిగిస్తారు. అప్పుడు మనిషి ముందుకు పోయేకొద్దీ పట్టీ భుజాన్ని కిందికి లాగి వెన్నెముకను నొక్కేస్తుంది. కాబట్టి దాన్ని రెండు తలుపుల మధ్యనున్న సెంటర్ పిల్లరుకే బిగించాలి. మీ కారు పిల్లరు లోపల గుల్ల. బయటి నుంచి స్క్రూ కొడితే అది పట్టుకునేది ఒక్క పొర రేకునే. మేస్త్రి పిల్లరు లోపలి పొరను కొంచెం తెరిచి, మర కోసిన మందపాటి ప్లేటును లోపల కూర్చోబెట్టి, చుట్టూ వెల్డింగ్ చేసి మూసివేయాలి. ఎక్కడ పెట్టాలన్నది ఊహించనక్కరలేదు. దేశంలో 1994 మార్చి చివరి నుంచి తయారీదారులు కార్ల ముందు సీట్లకు బెల్టులు అమర్చి తీరాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. అంబాసిడర్ 2014 దాకా తయారైంది. కనుక ఆ తర్వాతి కాలపు అంబాసిడర్ ఏ టాక్సీ స్టాండులోనో, తుక్కు యార్డులోనో దొరికితే పిల్లరు మీది బోల్టు స్థానాన్ని టేపుతో కొలిచి రాసుకోండి, ఫోటో తీసుకోండి. కొలత మాత్రం తెచ్చుకోండి. ఆ పాత బెల్టును తెచ్చుకోవద్దు.

ఒకసారి ప్రమాదంలో బరువు మోసిన బెల్టు నేత సాగిపోయి ఉంటుంది, రెండోసారి అది అలా మోయదు; అలా సాగిందో లేదో కంటికి తెలియదు. కొత్తదే కొనండి. పట్టీకి కుట్టిన చీటీ మీద తయారీ తేదీ, ప్రమాణపు గుర్తు స్పష్టంగా ఉండాలి. బెల్టులకు వర్తించే ఐక్యరాజ్యసమితి నిబంధన 16వ నంబరుది, దాని ఆమోదం ఉంటే వృత్తంలో E అన్న ఆంగ్లాక్షరం, దాని పక్కన అంకె ఉంటాయి. లారీ బెల్టు అనగానే చెడ్డదని కాదు గానీ, లారీ డ్రైవరు కూర్చునే ఎత్తుకూ, ఆ క్యాబిన్ కొలతకూ చేసిన పొడవు, పట్టీ చుట్టుకునే రీలు వాలు మీ కారుకు సరిపోవు.

బెల్టుల్లో రెండు రకాలున్నాయి. రీలు లేని బెల్టును చేత్తో బిగించుకోవాలి. అమర్చడం తేలిక, చెడేది ఏమీ ఉండదు, పాత కారుకు అతికినట్టుంటుంది. కానీ సరిగ్గా బిగించుకుంటే ముందుకు వంగడం కుదరదు, కుదరదు కదా అని వదులు చేస్తే ప్రయోజనం సగం పోతుంది. మీ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు నడుపుతారు కనుక రీలున్న బెల్టే మేలని నా అభిప్రాయం. మామూలుగా మెల్లగా లాగితే వచ్చి, కారు ఒక్కసారిగా ఆగినప్పుడు గానీ, పట్టీ గబుక్కున లాగినప్పుడు గానీ బిగుసుకునేది అది. దాని లోపలి చిన్న గుండు లేదా లోలకం కారు కుదుపును పసిగడుతుంది, కాబట్టి తయారీదారు చెప్పిన వాలులోనే రీలును నిలబెట్టాలి. నిబంధన ప్రకారం ఆ రీలు 12 డిగ్రీల వాలు వరకు బిగుసుకోకూడదు, 27 డిగ్రీలు దాటితే బిగుసుకోవాలి. మన ఘాట్‌రోడ్ల ఎక్కుడు ఎంత భయపెట్టినా 12 డిగ్రీలకు చాలా తక్కువే. తప్తపాణి ఘాటీ ఎక్కుతుండగా, బ్రేకు వేయకుండానే బెల్టు పట్టేసి రానంటే, అది రోడ్డు తప్పు కాదు. పిల్లరు వాలును సరిచేయకుండా రీలును వంకరగా బిగించారన్నమాట. సరిచేసే కోణపు ఇనుప పట్టీలు వేరుగా దొరుకుతాయి.

ముందు బెంచీ మధ్యలో మూడో మనిషి కూర్చునే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. అక్కడ భుజం పట్టీకి ఆధారమేదీ లేదు. ఇకమీదట ఆ చోటును చేతి సంచికి వదిలేయండి.

మనవడి విషయం. నానమ్మ ఒళ్లో కన్నా భద్రమైన చోటు పిల్లవాడికి లేదని మనకు అనిపించడం సహజం, ఆ ప్రేమను నేను కాదనడం లేదు. కానీ ఇందాకటి లెక్కే మళ్లీ వేయండి: 14 కిలోల బాబు ఆ క్షణంలో దాదాపు 200 కిలోల బరువై ముందుకు దూకుతాడు, ఏ చేతులూ ఆపలేవు. నానమ్మకు బెల్టు లేకపోతే ఆమె బరువు కూడా వాడి మీదే పడుతుంది. ఒకే బెల్టును ఇద్దరి మీదుగా వేస్తే బాబు ఆమెకూ పట్టీకీ మధ్య నలిగిపోతాడు. మూడేళ్లవాడికి వాడి సొంత పట్టీలున్న పిల్లల సీటు కొని, వెనక సీటులో, మూడు చోట్ల బిగించిన బెల్టుతో కట్టాలి. అందువల్ల వెనక రెండు పక్కలా కూడా భుజం పట్టీ గల బెల్టులే వేయించమంటాను. చాలా పిల్లల సీట్లకు నడుము పట్టీ ఒక్కటే చాలదు. వెనక పై బోల్టును వెనక అద్దం పక్కనున్న వెడల్పాటి పిల్లరులో, ముందు పిల్లరుకు చేసినట్టే లోపలి ప్లేటుతో బిగించాలి. అద్దం కింది అరలో, అట్టముక్కో పలుచని రేకో ఉన్నచోట బోల్టు వేయనివ్వకండి. పిల్లల సీటును కొనేముందు దుకాణదారుణ్ని అడిగి మీ వెనక సీటులో ఒకసారి పెట్టి చూడండి. ఆ మెత్తని స్ప్రింగు కుషను మీద అది అటూ ఇటూ ఊగితే, మోకాలితో అదిమిపట్టి పట్టీ బిగించినా ఊగుతూనే ఉంటే, వేరే రకం చూడవలసిందే.

చట్టం గురించి మీ భయానికి ఆధారం లేదు. బండి ఆర్‌సీలో రాసిన వివరాలకు భిన్నంగా మార్పు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది; బెల్టు బిగించినందువల్ల ఇంజను, ఛాసిస్, రంగు, సీట్ల సంఖ్య ఏవీ మారవు. అయితే ఈ పనిలో పనిగా బెంచీ తీసి రెండు వేరు సీట్లు వేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, అప్పుడు సీట్ల సంఖ్య మారుతుంది కనుక ముందుగా ఆర్టీవో కార్యాలయంలో అడగాలి. 2019 సవరణతో వచ్చిన 194బీ సెక్షను ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటులో గానీ కూర్చోబెట్టకపోయినా అంతే. మీ బండి గజపతి జిల్లా ఏర్పడక ముందు, గంజాం జిల్లా కింద రిజిస్టరయినది కదా. అయిదేళ్లకోసారి చేయించే రెన్యువల్ తనిఖీకి వెళ్లినప్పుడు బెల్టు సెట్టు బిల్లు, వెల్డింగు పని ఫోటోలు ఆర్‌సీతోపాటు పట్టుకెళ్లండి.

పని పూర్తయ్యాక మేస్త్రి పట్టీని రెండు చేతులా లాగి చూపిస్తాడు. అది పరీక్ష కాదు. మనిషి చేతి బలం ఎక్కడ, 1,350 కిలోలు ఎక్కడ! మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. ప్లేటు మూసేయకముందే ప్రతి బిగింపునూ కంటితో చూసి ఫోటో తీసుకోండి. ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు వేసి రీళ్లు పట్టాయో లేదో చూడండి. కాశీనగర్ దాకా ఒకసారి పోయివచ్చి, బోల్టులన్నీ మళ్లీ బిగించి చూడమని మేస్త్రికి చెప్పండి.

ఫ్లోరు కోసి అతకవలసి వస్తే ఈ పనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, మాఘమాసమని మేస్త్రిని తొందరపెట్టకండి. ముహూర్తానికి పని తేలకపోతే బాబును, కోడలిని బెల్టులున్న వేరే కారులో గుణుపురం మీదుగా రాయగడ పంపించండి. అంబాసిడర్‌లో వాడి మొదటి ప్రయాణం ఉగాదికి పెట్టుకోవచ్చు.